ఆహార నియంత్రణలో కండ – బలం: దేహదారుఢ్య సాధనలో రెండు లక్ష్యాల పరిశీలన

వ్యాససంగ్రహం

కండరాల పరిమాణం పెరగడమూ, బలం పెరగడమూ ఒకే ఫలితానికి రెండు పేర్లని దేహదారుఢ్య సాధకులలో చాలామంది భావిస్తారు. కడుపునిండా తింటూ సాధన చేసే రోజులలో ఈ రెండూ కలిసే నడుస్తాయి కనుక వాటి మధ్య తేడా కంటికి ఆనదు. కొవ్వు తగ్గించుకోవడానికి ఆహారాన్ని కుదించినప్పుడు మాత్రం అవి విడివడతాయి. కండరవృద్ధికి శక్తీ, ముడిసరుకూ కావాలి. బలం మాత్రం కొంతవరకు నాడీవ్యవస్థ నేర్చుకునే విద్య. అందువల్ల తిండి తగ్గిన కాలంలో కండ పెరగడం ఆగిపోయినా బలం పెరుగుతూ ఉండవచ్చు. ఈ భేదానికి గల శారీరక కారణాలను, అందుబాటులో ఉన్న పరిశోధన ఫలితాలను, సాధనలోనూ ఆహారంలోనూ పాటించదగిన పద్ధతులను, దాటరాని హద్దులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దేహదారుఢ్యం, కండరవృద్ధి, బలం, శక్తిలోటు, మాంసకృత్తులు, వ్యాయామం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'కండబలం' ఒకే మాట. రెండు పదాలు సమాసంగా కలిసిపోయి, కండ ఎంత ఉంటే బలం అంత అన్న నమ్మకాన్ని భాషలోనే స్థిరపరిచాయి. తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీసిన పాతతరం వస్తాదులకు ఈ రెండింటినీ విడదీసి చూడవలసిన అవసరం రాలేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఇనుప గొలుసులు తెంపినప్పుడు, ఛాతీ మీద ఏనుగును నిలుపుకొన్నప్పుడు జనం చూసినది బలాన్ని. ఆయన దేహం ఆ బలానికి ఆధారంగా కనిపించింది. ఆయనను 'ఇండియన్ శాండో' అని పిలిచారు. ఆ పేరుకు మూలమైన యూజెన్ శాండో కూడా తొలుత బలప్రదర్శనలు ఇచ్చినవాడే. అయితే 1901 సెప్టెంబరు 14న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో శాండో నిర్వహించిన పోటీలో విజేతను నిర్ణయించినది ఎత్తిన బరువు కాదు, దేహసౌష్ఠవం. బరువులెత్తే క్రీడ ఒక దారిలోనూ, దేహాన్ని తీర్చిదిద్దే క్రీడ మరొక దారిలోనూ సాగడానికి అటువంటి పోటీలు నాంది పలికాయి.

నేటి దేహదారుఢ్య పోటీదారు వేదిక ఎక్కే ముందు కొన్ని నెలలపాటు ఆహారాన్ని కుదించి, చర్మం కింది కొవ్వును కరిగించుకుంటాడు. జిమ్‌లలో దీనిని 'కటింగ్' అంటారు. పోటీలతో సంబంధం లేకుండా, పొట్ట తగ్గి కండ తేలాలని కోరుకునే సామాన్య సాధకుడు చేసే పనీ ఇదే. ఇద్దరికీ ఎదురయ్యే ప్రశ్నలు మూడు. తిండి తగ్గించుకుంటూ కండ పెంచవచ్చునా? బలం పెంచవచ్చునా? రెండూ కుదరకపోతే దేన్ని నిలుపుకోవాలి? ఈ ప్రశ్నలకు తప్పుడు సమాధానం నమ్మినవారు ఏళ్ల తరబడి సంపాదించిన కండను కొన్ని నెలలలో పోగొట్టుకోవచ్చు; లేదా సహజంగా సాధ్యం కానిదాన్ని మందులతో సాధించే ప్రమాదకరమైన దారి పట్టవచ్చు.

2. కండ, బలం: రెండు వేర్వేరు లక్షణాలు

2.1 కండ పెరగడం

కండరం సన్నని పొడవైన తంతువుల కట్ట. వ్యాయామంతో కండ పెరిగేది ప్రధానంగా ఈ తంతువులు లావెక్కడం వల్లనే. ఇటలీ శాస్త్రవేత్త బెనెడెట్టో మోర్పుర్గో 1897లో కుక్కల మీద జరిపిన పరిశీలనలో, శ్రమతో కండరం పెరిగినా తంతువుల సంఖ్య పెరగలేదని, ఉన్న తంతువులే లావయ్యాయని గుర్తించాడు.

తంతువు లావెక్కాలంటే దానిలో మాంసకృత్తులు కొత్తగా చేరాలి. కండరంలో మాంసకృత్తుల నిర్మాణమూ, విచ్ఛిన్నమూ నిత్యం జరుగుతూనే ఉంటాయి. నిర్మాణం విచ్ఛిన్నాన్ని మించితే కండ పెరుగుతుంది, వెనుకబడితే తరుగుతుంది. బరువులెత్తడం నిర్మాణానికి ప్రేరణ ఇస్తుంది. తిన్న మాంసకృత్తులు ముడిసరుకునిస్తాయి. తిన్న మొత్తం ఆహారం ఈ పనికి కావలసిన శక్తినిస్తుంది. ఈ మూడింటిలో ఏది తగ్గినా పని కుంటుపడుతుంది.

2.2 బలం పెరగడం

బలం అంటే ఒక నిర్దిష్టమైన కదలికలో వెలువరించగలిగిన శక్తి. దీనికి కండర పరిమాణం ఒక ఆధారం మాత్రమే. కండరతంతువులు తమంతట తాము ముడుచుకోవు. వెన్నుపాములోని చలననాడీకణం ఆజ్ఞ ఇచ్చినప్పుడే ముడుచుకుంటాయి. ఒక నాడీకణమూ, దాని అధీనంలోని తంతువుల సమూహమూ కలిసి ఒక చలన ఘటకం. తేలిక పనికి చిన్న ఘటకాలు మాత్రమే పని చేస్తాయి. పని బరువెక్కిన కొద్దీ పెద్దవి రంగంలోకి దిగుతాయి. సాధన లేని మనిషి తనకున్న కండను పూర్తిగా వినియోగించలేడు. సాధనతో ఎక్కువ ఘటకాలను ఒక్కసారి కదిలించడం, వాటికి వేగంగా ఆజ్ఞలు పంపడం, ఎదురు లాగే కండరాలను సడలించడం నాడీవ్యవస్థ నేర్చుకుంటుంది.

ఈ సంగతికి చక్కని నిదర్శనం 1894లోనే లభించింది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ బృందం ఒక చేతికి మాత్రమే సాధన ఇచ్చి చూడగా, సాధన లేని రెండో చేతికి కూడా బలం పెరిగింది. ఆ చేతిలో కండ పెరిగే అవకాశమే లేదు. పెరిగినది నాడీవ్యవస్థ నేర్పు. 1979లో మోరిటానీ, డివ్రీస్ ఎనిమిది వారాల సాధనను పరిశీలించి, తొలి వారాలలో పెరిగే బలానికి నాడీ కారణాలే ప్రధానమని, కండరవృద్ధి పాత్ర ఆ తరువాత క్రమంగా పెరుగుతుందని చూపారు.

బరువులెత్తే క్రీడ ఈ భేదాన్ని బహిరంగంగా చూపుతుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో పోటీ చేసిన నయీమ్ సులేమనోగ్లు క్లీన్ అండ్ జెర్క్‌లో 190 కిలోలు ఎత్తాడు. అది అతని దేహభారానికి మూడు రెట్లకు పైబడిన బరువు. అతనికంటే ఎంతో భారీ దేహం గల దేహదారుఢ్య పోటీదారులు ఆ బరువును తల మీదికి ఎత్తలేరు. అలాగని కండ పాత్ర లేదనుకోకూడదు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో ప్రపంచ విజేతగా నిలిచినది 54 కిలోల విభాగంలో. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచినది 69 కిలోల విభాగంలో. బరువులెత్తే క్రీడను దేహభారాన్ని బట్టి విభాగాలు చేయడమే పరిమాణానికి బలంతో గల సంబంధానికి గుర్తింపు. సంబంధం ఉంది, అభేదం లేదు.

3. తిండి తగ్గినప్పుడు శరీరం చేసే లెక్క

శరీరం ఖర్చు చేసే శక్తికంటే ఆహారం నుంచి అందే శక్తి తక్కువగా ఉండటమే శక్తిలోటు. ఒక కిలో కొవ్వుకణజాలంలో సుమారు 7,700 కెలోరీల శక్తి ఉంటుందని స్థూలంగా లెక్కిస్తారు. ఆ లెక్కన రోజుకు 500 కెలోరీల లోటు వారానికి దాదాపు 450 గ్రాముల కొవ్వుకు సమానం. అయితే శరీరం ఆ లోటును కొవ్వునుంచే భర్తీ చేయాలన్న నియమం లేదు. కండరంలోని మాంసకృత్తులను కూడా విడగొట్టి వాడుకోగలదు. కరువుకాలానికి అలవాటుపడిన దేహానికి, కదలకున్నా శక్తిని ఖర్చు చేసే కండ ఒక భారమే.

దీని తీవ్రరూపం మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 1944–45లో నిర్వహించిన ప్రసిద్ధ పరిశోధనలో కనిపిస్తుంది. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన 36 మంది యువకులకు 24 వారాలపాటు అర్ధాకలి ఆహారం ఇచ్చారు. ఆ ఆహారంలో బంగాళాదుంపలు, రొట్టెవంటివే ఎక్కువ. వారు నడిచారు, పనులు చేశారు. కాని కండకు ప్రేరణనిచ్చే బరువుల సాధన చేయలేదు. దేహభారంలో దాదాపు నాలుగో వంతు తగ్గింది. కొవ్వుతోపాటు కండా కరిగింది. బలమూ, ఓర్పూ క్షీణించాయి. కండకు పని చెప్పకుండా, మాంసకృత్తులు చాలినన్ని ఇవ్వకుండా తిండి తగ్గిస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఇది.

సాధన ఉంటే పరిస్థితి మారుతుంది. 2014లో అరేటా బృందం ప్రచురించిన అధ్యయనంలో, బరువుల సాధన అలవాటున్న యువతీయువకులు అయిదు రోజులు శక్తిలోటులో ఉన్నప్పుడు విశ్రాంతి సమయపు కండర మాంసకృత్తుల నిర్మాణం 27 శాతం తగ్గింది. ఒక్క విడత బరువుల వ్యాయామంతో అది తిరిగి మామూలు స్థాయికి చేరింది. వ్యాయామం తరువాత మాంసకృత్తులు కూడా తీసుకుంటే అంతకంటే పైకి వెళ్లింది. లోటు కిందికి లాగుతుంది. వ్యాయామమూ మాంసకృత్తులూ పైకి ఎత్తుతాయి. ఆహార నియంత్రణలో కండ భవిష్యత్తు ఈ రెండింటి పెనుగులాట ఫలితమే.

4. పరిశోధనలు చూపిన విభజన

కండ, బలం వేరుపడే తీరును స్పష్టంగా చూపిన అధ్యయనం కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి 2016లో వెలువడింది. లాంగ్‌లాండ్ బృందం అధిక బరువున్న 40 మంది యువకులకు నాలుగు వారాలపాటు అవసరంకంటే 40 శాతం తక్కువ శక్తినిచ్చే ఆహారం పెట్టి, వారానికి ఆరు రోజులు కఠినమైన సాధన చేయించింది. ఒక వర్గానికి దేహభారంలో కిలోకు రోజుకు 1.2 గ్రాముల మాంసకృత్తులు, రెండో వర్గానికి 2.4 గ్రాములు అందాయి. ఎక్కువ మాంసకృత్తులు తిన్నవారిలో కొవ్వేతర ద్రవ్యరాశి సగటున 1.2 కిలోలు పెరిగి, కొవ్వు 4.8 కిలోలు తగ్గింది. తక్కువ తిన్నవారిలో కొవ్వేతర ద్రవ్యరాశి పెరుగుదల 0.1 కిలో మాత్రమే, కొవ్వు 3.5 కిలోలు తగ్గింది. బలం మాత్రం రెండు వర్గాలలోనూ దాదాపు సమానంగా పెరిగింది. అంటే కండ పెరగనివారిలోనూ బలం పెరిగింది.

ఇదే సంగతిని 2022లో మర్ఫీ, కోలర్ అనేక అధ్యయనాలను కలిపి చేసిన సమీక్ష ధ్రువపరిచింది. శక్తిలోటు కొవ్వేతర ద్రవ్యరాశి పెరుగుదలను దెబ్బతీస్తుందని, బలం పెరుగుదలను మాత్రం అంతగా అడ్డుకోదని వారు తేల్చారు. లోటు రోజుకు 500 కెలోరీలకు చేరేసరికి కండ పెరుగుదల సగటున ఆగిపోతుందని వారి అంచనా.

లోటు తీవ్రత ఎంత ముఖ్యమో నార్వేలో గార్తే బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం తెలుపుతుంది. ఉన్నతస్థాయి క్రీడాకారులను రెండు వర్గాలు చేసి, ఒకరికి వారానికి దేహభారంలో 0.7 శాతం, మరొకరికి 1.4 శాతం చొప్పున తగ్గేలా ఆహారం నిర్ణయించారు. ఇరువర్గాలూ బరువుల సాధన చేశాయి. తగ్గిన మొత్తం బరువూ దాదాపు సమానమే. నెమ్మదిగా తగ్గినవారిలో కొవ్వేతర ద్రవ్యరాశి 2.1 శాతం పెరిగింది. త్వరగా తగ్గినవారిలో పెరగలేదు. గమ్యం ఒకటే అయినా నడక వేగం ఫలితాన్ని మార్చింది.

5. రెండూ ఎవరికి సాధ్యం?

సగటు ఫలితం ప్రతి సాధకుడికీ వర్తించదు. తిండి తగ్గించుకుంటూ కండనూ పెంచుకోగలవారు ప్రధానంగా మూడు రకాలు. మొదటివారు కొత్తగా సాధన మొదలుపెట్టినవారు. వారి కండకు ప్రేరణ కొత్తది కనుక స్పందన బలంగా ఉంటుంది. రెండోవారు దేహంలో కొవ్వునిల్వ ఎక్కువగా ఉన్నవారు. ఆహారంలో లోటున్నా నిల్వనుంచి శక్తి సమృద్ధిగా అందుతుంది. మూడోవారు సాధన మానేసి కొంతకాలం తరువాత తిరిగి మొదలుపెట్టినవారు. పోయిన కండ తిరిగి రావడం కొత్త కండ పుట్టడంకంటే సులువు. లాంగ్‌లాండ్ అధ్యయనంలోని యువకులు మొదటి రెండు లక్షణాలూ కలవారే.

ఏళ్ల తరబడి సాధన చేసి, ఇప్పటికే కొవ్వు తక్కువగా ఉన్న సాధకుడి స్థితి దీనికి విరుద్ధం. అతనిలో కండ పెరుగుదల పుష్కలమైన ఆహారంతోనే నత్తనడక నడుస్తుంది. లోటులో అది ఇంచుమించు అసాధ్యం. అతనికి తగిన లక్ష్యం ఉన్న కండను నిలుపుకోవడం. వీలైతే బలాన్ని కాపాడుకోవడం. కొత్తవాడి ఫలితాలను చూసి అనుభవజ్ఞుడు నిరాశపడటమూ, అనుభవజ్ఞుడి నియమాలను కొత్తవాడు తనకు అన్వయించుకోవడమూ సరికాదు.

6. సాధనలో పాటించదగిన పద్ధతి

జిమ్‌లలో తరచు వినిపించే సలహా ఒకటుంది: బరువు తగ్గేటప్పుడు తేలిక డంబెల్స్ పట్టి ఎక్కువ రెప్స్ చేయాలని, అలా చేస్తే కండ 'చెక్కినట్టు' తేలుతుందని. కండకు చెక్కుడు రూపాన్ని ఇచ్చేది దాని మీది కొవ్వు పొర పలచబడటమే. ఏ భాగానికి వ్యాయామం చేస్తే ఆ భాగంలోని కొవ్వే కరుగుతుందన్నది ఆధారం లేని నమ్మకం. కొవ్వును కరిగించే పని ప్రధానంగా ఆహారానిది. బరువుల పని కండను నిలపడం. కండను పెంచిన ప్రేరణ ఏదో దాన్ని నిలిపే ప్రేరణా అదే. తిండితోపాటు ప్రేరణనూ తగ్గిస్తే కండను ఉంచుకోవడానికి శరీరానికి ఏ కారణమూ మిగలదు.

బరువు ఎంపిక విషయంలో కండకూ బలానికీ తేడా ఉంది. 2017లో షోన్‌ఫెల్డ్ బృందం ప్రచురించిన సమీక్ష ప్రకారం, అలసిపోయేదాకా చేసినప్పుడు తేలిక బరువులతోనైనా భారీ బరువులతోనైనా కండరవృద్ధి దాదాపు సమానమే. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువు మాత్రం భారీ బరువుల సాధనతోనే ఎక్కువగా పెరుగుతుంది. బలం నేర్పు కూడా కనుక, భారీ బరువు ఎత్తడం భారీ బరువు ఎత్తడం ద్వారానే అలవడుతుంది.

దీనినుంచి ఆహార నియంత్రణ కాలానికి ఒక ఆచరణీయ క్రమం ఏర్పడుతుంది. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ వంటి ప్రధాన వ్యాయామాలలో మునుపటి బరువులను వీలైనంతకాలం కొనసాగించాలి. అలసట నుంచి కోలుకునే శక్తి తగ్గుతుంది కనుక, అవసరమైతే సెట్ల సంఖ్యను తగ్గించుకోవచ్చు. బార్ మీది బరువును మాత్రం ముందుగా తగ్గించకూడదు. సహాయక వ్యాయామాలను మధ్యస్థ బరువులతో చేయవచ్చు. పరుగు, సైకిల్ వంటివాటిని శక్తిలోటు పెంచేందుకు మితంగా వాడుకోవచ్చు. కాళ్ల వ్యాయామానికి శక్తి మిగలనంతగా చేస్తే మేలుకంటే కీడే ఎక్కువ. నిద్రను సాధనలో భాగంగానే లెక్కించాలి.

7. ఆహారం: తెలుగువారి విస్తరిలో మాంసకృత్తుల లెక్క

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన సిఫారసు ప్రకారం ఆరోగ్యవంతుడైన వయోజనుడికి దేహభారంలో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. ఇది సామాన్య ఆరోగ్యానికి సంబంధించిన లెక్క. బరువుల సాధనతో కండ పెంచదలచినవారికి కిలోకు 1.6 గ్రాముల వరకు ప్రయోజనం ఉందని మోర్టన్ బృందం 2018లో 49 అధ్యయనాలను సమీక్షించి తేల్చింది. శక్తిలోటులో అవసరం ఇంకా పెరగవచ్చు. 70 కిలోల సాధకుడికి ఈ లెక్కలను అన్వయిస్తే సామాన్య అవసరం 58 గ్రాములు, సాధన కాలపు మోతాదు 112 గ్రాములు. లాంగ్‌లాండ్ అధ్యయనంలోని హెచ్చు మోతాదైతే 168 గ్రాములు.

తెలుగు ప్రాంతాలలో ఆహార నియంత్రణ సాధారణంగా అన్నం తగ్గించడంతో మొదలవుతుంది. వంద గ్రాముల బియ్యం తగ్గిస్తే సుమారు 350 కెలోరీలు తగ్గుతాయి. అయితే దాదాపు 8 గ్రాముల మాంసకృత్తులు కూడా తగ్గుతాయన్నది చాలామంది గమనించరు. అన్నం తగ్గితే అన్నంలో కలుపుకొనే పప్పూ, పెరుగూ కూడా తగ్గుతాయి. ఇలా మాంసకృత్తుల అవసరం పెరిగిన సమయంలోనే వాటి సరఫరా పడిపోతుంది. అన్నం తగ్గించినవారు ఆ ఖాళీలో ఏమి చేర్చుకోవాలన్నదే అసలు ప్రశ్న.

వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులున్నా, వాటితోపాటు 330 కెలోరీల వరకు శక్తి వస్తుంది. కొవ్వు తీసిన కోడిమాంసంలో అంతే మాంసకృత్తులు అందులో సగం లోపు శక్తితో లభిస్తాయి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు. తెల్లసొన మాత్రమే తీసుకుంటే మూడున్నర గ్రాములు, అతి తక్కువ శక్తితో. శాకాహారులకు మీల్‌మేకర్‌గా వాడుకలో ఉన్న సోయా ముక్కలు మంచి ఆధారం. ఎండు ముక్కలలో బరువులో దాదాపు సగం మాంసకృత్తులే. వెన్న తీసిన పాలు, వాటితో చేసిన పెరుగు కూడా ఉపయోగిస్తాయి. వేరుశనగలో మాంసకృత్తులు ఉన్నా నూనె ఎక్కువ కనుక ఆహార నియంత్రణ కాలంలో దాన్ని కొలిచి తినాలి. అన్నం, పప్పు ఒకదానిలో కొరవడిన అమైనో ఆమ్లాలను మరొకటి పూరిస్తాయి. పప్పన్నం కలయికకు గల పోషకవిలువ అదే. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని సలహా లేకుండా మాంసకృత్తులను పెంచకూడదు.

తగ్గే వేగం విషయంలో, మందులు వాడని దేహదారుఢ్య పోటీదారుల కోసం హెల్మ్స్ బృందం 2014లో చేసిన సిఫారసు వారానికి దేహభారంలో 0.5 నుంచి 1 శాతం. 80 కిలోల సాధకుడికి ఇది 400 నుంచి 800 గ్రాములు. కొవ్వు తగ్గిన కొద్దీ కండకు ముప్పు పెరుగుతుంది కనుక చివరి వారాలలో వేగం తగ్గించడం మేలు.

8. కొలతల మాయ

ఆహార నియంత్రణలో ఉన్న సాధకుణ్ణి ఎక్కువగా తప్పుదారి పట్టించేవి అతని కొలతలే. మొదటి వారంలో తూకంలో కనిపించే పెద్ద తగ్గుదల అంతా కొవ్వు కాదు. కండరాలలో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో కనీసం మూడు గ్రాముల నీరు చేరి ఉంటుంది. అన్నం తగ్గగానే ఈ నిల్వ తరిగి, నీరు బయటికి పోతుంది. కండలు సడలినట్టు, చిక్కినట్టు కనిపిస్తాయి. టేపుతో కొలిస్తే భుజం చుట్టుకొలత తగ్గుతుంది. ఆ తగ్గుదలలో నీరెంత, కొవ్వెంత, కండ ఎంత అన్నది టేపు చెప్పలేదు. దానిని కండనష్టంగా భ్రమించి ఆహార నియంత్రణను మధ్యలో వదిలేసేవారు కొందరు. భయపడి సాధనను రెట్టింపు చేసి దెబ్బలు తగిలించుకునేవారు మరికొందరు.

దీనికి విరుద్ధమైన భ్రమా ఉంది. కొవ్వు పొర పలచబడి గీతలు తేలినప్పుడు, కండ పెరగకపోయినా పెరిగినట్టు అద్దంలో కనిపిస్తుంది. టేపు ఉన్న కండను తక్కువ చేసి చూపితే, అద్దం లేని పెరుగుదలను చూపుతుంది. ఈ రెండింటి నడుమ కొంత నమ్మదగిన సాక్షి బార్ మీది బరువు. అనుభవజ్ఞుడైన సాధకుడు నెలల తరబడి అదే బరువును అన్నే రెప్స్‌తో ఎత్తగలుగుతున్నాడంటే అతని కండ చాలావరకు నిలిచి ఉందని భావించవచ్చు. పలు వ్యాయామాలలో వారం వారం బలం దిగజారుతుంటే లోటు అతిగా ఉన్నట్టు, లేదా విశ్రాంతి చాలనట్టు. అయితే ఈ సాక్షికీ పరిమితి ఉంది. కొత్తవాడిలో నాడీ నేర్పు వల్ల బలం పెరుగుతుంది కనుక, బలం పెరిగినంత మాత్రాన కండ పెరిగిందని చెప్పలేము. ఏ ఒక్క కొలతనూ నమ్మక, వారపు సగటు తూకం, నడుము చుట్టుకొలత, ఎత్తిన బరువుల పట్టీ మూడింటినీ కలిపి చదవడమే సరైన పద్ధతి.

9. దాటరాని హద్దులు

పోటీ వేదిక మీద కనిపించే దేహం ఆరోగ్యానికి పరాకాష్ఠ కాదు. మందులు వాడని ఒక దేహదారుఢ్య పోటీదారును పన్నెండు నెలలపాటు పరిశీలించి రోసో బృందం 2013లో ప్రచురించిన నివేదిక ఇందుకు సాక్ష్యం. ఆరు నెలల సన్నాహంలో అతని దేహంలోని కొవ్వు 14.8 శాతం నుంచి 4.5 శాతానికి తగ్గింది. గుండె నిమిషానికి 53 సార్లు కొట్టుకునేది 27కు పడిపోయింది. టెస్టోస్టెరోన్ మిల్లీలీటరుకు 9.22 నుంచి 2.27 నానోగ్రాములకు తగ్గింది. బలమూ తగ్గింది, పోటీ ముగిసి ఆరు నెలలు గడిచినా పూర్తిగా తిరిగి రాలేదు. మితమైన లోటులో బలం పెరగవచ్చన్న సూత్రం అతిలోటులో చెల్లదని ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. స్త్రీలలో దీర్ఘకాల శక్తిలోటు ఋతుక్రమాన్ని ఆపివేయగలదు, ఎముకలను బలహీనపరచగలదు. ఋతుక్రమం ఆగడాన్ని కఠోరసాధనకు గుర్తుగా కాక, ప్రమాద సూచనగా గ్రహించాలి.

కండ మరింత తేలాలని చివరి రోజులలో నీరు మానేయడం, మూత్రం ఎక్కువగా పోయే మందులు వాడటం ఇంకా ప్రమాదకరం. రక్తంలో సోడియం, పొటాషియం సమతూకం తప్పితే గుండెలయ దెబ్బతిని ప్రాణం పోవచ్చు. ఇక స్టెరాయిడ్ల సంగతి. కృత్రిమ హార్మోనుతో శక్తిలోటులోనూ కండను నిలపవచ్చు, పెంచవచ్చు కూడా. సహజ సాధకుడికి సాధ్యం కాని ఫలితాలు కొందరిలో కనిపించడానికి ఒక ముఖ్య కారణం ఇదే. కాని అందుకు చెల్లించే మూల్యం గుండె బలహీనపడటం, కాలేయం దెబ్బతినడం, సంతానశక్తి కుంటుపడటం. మూడు నెలలలో కొవ్వు కరిగి కండ రెట్టింపవుతుందన్న వాగ్దానాన్ని నమ్మిన యువకుడు, ఆ ఫలితం రానప్పుడు తన శరీరాన్ని తప్పుపడతాడు. సూది మందు వైపు చూసేది అప్పుడే. తిండి తగ్గించిన కాలంలో కండ పెరగకపోవడం వైఫల్యం కాదని, అది శరీరధర్మమని తెలిసినవాడికి ఆ అవసరం కలగదు.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. కండర పరిమాణం, బలం పరస్పర సంబంధం కలవి, ఒకటి కావు. బలంలో కొంతభాగం నాడీవ్యవస్థ నేర్పు.

2. శక్తిలోటు ముందుగా దెబ్బతీసేది కండరవృద్ధిని. మితమైన లోటులో బలం పెరుగుతూ ఉండవచ్చు.

3. కొత్త సాధకులు, కొవ్వు అధికంగా ఉన్నవారు, సాధనను తిరిగి మొదలుపెట్టినవారు తిండి తగ్గించుకుంటూ కండనూ పెంచుకోగలరు. అనుభవజ్ఞులకు ఉన్న కండను నిలుపుకోవడమే తగిన లక్ష్యం.

4. ఆ లక్ష్యానికి మార్గాలు: నెమ్మదిగా తగ్గడం, బరువులను తేలిక చేయకపోవడం, మాంసకృత్తులను పెంచడం, చాలినంత నిద్ర.

5. టేపు, అద్దం వేర్వేరు విధాలుగా భ్రమింపజేస్తాయి. ఎత్తిన బరువుల పట్టీని వాటితో కలిపి చదవాలి.

ఈ అవగాహన పోటీదారులకే పరిమితం కాదు. మధుమేహం, ఊబకాయం కారణంగా బరువు తగ్గమని వైద్యులు సూచించిన నడివయసువారికీ ఇది వర్తిస్తుంది. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వినియోగించుకునేది కండే. కొవ్వుతోపాటు కండనూ పోగొట్టుకుని తూకంలో గెలిచినవారు ఆరోగ్యంలో ఓడిపోవచ్చు. ఎన్ని కిలోలు తగ్గారన్నదానికంటే, తగ్గినది కొవ్వా, కండా అన్నదే అడగవలసిన ప్రశ్న.